సౌలు మీద ఏడు వారాలు

నవంబరులో ఆ ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి హాల్లో ఉన్నవాళ్లు, ఉన్నవి: మనుషులు ఇరవై ముగ్గురు. మూడేళ్లలోపు పిల్లల్ని నేను లెక్కలోకి తీసుకోను, కాబట్టి తోపుడుబండిలో నిద్రపోతున్న పాపాయి ఇందులో లేదు. వేసిన కుర్చీలు ఇరవై ఎనిమిది. ఒక బల్ల, దాని మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ. పళ్లెంలో మేమంతా అక్క అని పిలిచే ఆవిడ ఇంట్లో కాల్చి తెచ్చిన పులియని గోధుమరొట్టె ఒకటి, చేతిరుమాలు కప్పి. లీటరు ద్రాక్షరసం సీసా, మూత తియ్యనిది. పెద్ద గిన్నెలో నిమ్మకాయ పులిహోర. ఒక ప్రొజెక్టరు, నా ల్యాప్‌టాప్, అందులో నేను చేసిన పట్టిక. రెండు నిమిషాలు ముందు నడిచే గోడగడియారం. రావలసి ఉండి రానివి రెండు: అయ్యగారు, ఆయన సంచిలో తెచ్చే చిన్న కప్పుల పెట్టె.

మాది సంఘం కాదు, సహవాసం. బ్రెమెన్‌లో మాస్టర్స్ చదివే పిల్లలు, విమాన భాగాల కంపెనీల్లో పనిచేసేవాళ్లు, ఇద్దరు నర్సులు, కొన్ని కుటుంబాలు. ఒక జర్మన్ చర్చివాళ్లు ప్రతి ఆదివారం రెండు నుంచి ఐదు దాకా తమ హాలు మాకిస్తారు. ఐదింటికి వాళ్ల పాటల బృందం సాధనకి వస్తుంది, కాబట్టి ఐదంటే ఐదే.

అందరం క్రైస్తవులమే గాని ఒకే రకం కాదు. గుంటూరు వైపు లూథరన్లు ఉన్నారు, ఒంగోలు వైపు బాప్టిస్టులున్నారు, మెదక్ వైపు వాళ్లున్నారు, గోదావరి జిల్లాల నుంచి నాలాంటి బ్రదరన్ వాళ్లున్నారు. మా ఊళ్లో పాస్టరంటూ ఉండడు. ఆదివారం ఎవరో ఒక సహోదరుడు లేచి ప్రార్థన చేసి రొట్టె విరుస్తాడు, ద్రాక్షరసం అందిస్తాడు. మా నాన్న విరిచేవాడు. సైకిల్ షాపు నడిపే మా పక్కింటాయన విరిచేవాడు. లూథరన్లకి ఇది మింగుడుపడదు. గురుపట్టా పొందిన అయ్యగారి చేతి నుంచి తప్ప వాళ్లు తీసుకోరు. క్రీస్తు చివరి భోజనాన్ని తలుచుకునే ఈ ఆరాధనని అందరం బల్ల అనే అంటాం, కానీ ఎవరు ఇవ్వాలి అన్న దగ్గర దారులు వేరవుతాయి.

రెండేళ్ల కిందట సహవాసం ఈ మాట మీదే రెండుగా చీలబోయింది. అప్పుడు అన్న అందర్నీ కూర్చోబెట్టాడు. అన్న గుంటూరు లూథరన్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మా అందరికన్నా పదేళ్లు పెద్ద. ఈ సహవాసం మొదలైంది ఆయన ఇంటి హాల్లోనే. మూడు ఆదివారాలు మాట్లాడుకున్నాక ఒక పేజీలో ఐదు నియమాలు రాసుకున్నాం. నాలుగోది ఇది: బల్ల గురుపట్టా పొందిన సేవకుడే ఇవ్వాలి, ఆయన లేని రోజున ఎవరూ ఇవ్వకూడదు. దాన్ని టైపు చేసింది నేను. బ్రదరన్ వాళ్ల తరపున సంతకం పెట్టింది కూడా నేనే.

ఆ సేవకుడు అయ్యగారు. హైడెల్‌బర్గ్‌లో దైవశాస్త్రం మీద పరిశోధన చేస్తూ ఉండేవారు. రెండు నెలలకోసారి దాదాపు ఆరు గంటలు రైల్లో ప్రయాణం చేసి మాకు బల్ల ఇవ్వడానికి వచ్చేవారు. సెప్టెంబరులో జ్వరం వల్ల రాలేకపోయారు. అంటే నవంబరు నాటికి మాకు నాలుగు నెలలుగా బల్ల లేదు.

ఆ ఏడాది వసంతంలో అన్న సహవాసం బాధ్యత నాకు అప్పగించాడు. నన్ను ముందు అడగలేదు. ఆ సమయానికి నేను వంటగదిలో కప్పులు కడుగుతున్నాను. అక్క వచ్చి, "ఓ తమ్మీ, నీ పేరు పిలుస్తున్రు, పో" అంది. తడి చేతులతో వెళ్లి నిలబడితే అందరూ చప్పట్లు కొట్టారు. "మా తమ్ముడు లెక్కగా చూసుకుంటాడు, నాకా నమ్మకం ఉంది" అన్నాడు అన్న.

లెక్కగానే చూసుకున్నాను. ప్రతి ఆదివారం హాజరు ఒక ఫైల్లో రాసేవాణ్ణి. నేను తీసుకున్న వారం ముప్పై ఒకరు. జూన్‌లో ఇరవై ఏడు. ఆగస్టులో ఇరవై రెండు. అక్టోబరు చివరి వారం పందొమ్మిది. గ్రాఫు గీస్తే ఆ గీత ఎక్కడ నేలని తాకుతుందో కనిపించేది. మాస్టర్స్ ముగించినవాళ్లు ఉద్యోగాలొచ్చి దక్షిణ జర్మనీలోని ఉంటర్‌ఫ్యోరింగ్ వైపు వెళ్లిపోతున్నారు. కొత్తగా వచ్చిన పిల్లలు ఆదివారం షిఫ్టులకి పోతున్నారు. కారణాలు తెలుసు. అయినా నా చేతికి వచ్చాకే తగ్గిందన్న మాట అంకెల్లో ఉంది. వారం మొత్తం మీద నాతో తెలుగులో మాట్లాడేది ఆ గదిలోవాళ్లే. అది మూతపడితే నాకు ఇంకో గది లేదు.

గ్రాఫులో నేను ఇంకొకటి గమనించాను. బల్ల ఉన్న ఆదివారం హాజరు పెరుగుతుంది, తర్వాత రెండు వారాలు కూడా నిలబడుతుంది. అందుకే నవంబరు ఆదివారం మీద చాలా ఆశ పెట్టుకున్నాను. అందరికీ విడివిడిగా మెసేజిలు పంపాను. ఇరవై ముగ్గురు వచ్చారు.

సౌలు రాజు మీద వాక్య ధ్యానం అక్టోబరు చివర్లో మొదలుపెట్టాను. ఏడు వారాలు, వారానికొక వైఫల్యం. విమానం రెక్కల ప్యానెళ్లను విరిగేదాకా నొక్కి పరీక్షించే ల్యాబులో నా పని. ఏదైనా విరిగితే మేము రిపోర్టు రాస్తాం. మొదటి పగులు ఎక్కడ పుట్టింది, ఎంత బరువు దగ్గర, అది ఎటు పాకింది. సౌలుకి కూడా అదే పద్ధతిలో పట్టిక తయారుచేశాను. నాలుగు నిలువు వరుసలు: అతనికి ఏం చెప్పారు, అతనేం చేశాడు, అడిగితే ఏం జవాబిచ్చాడు, ఫలితం. మొదటి వారమే తెర మీద పట్టిక మొత్తం చూపించి, గిల్గాలు దగ్గర ఎర్ర గుర్తు పెట్టి, మొదటి పగులు ఇక్కడే అన్నాను.

గిల్గాలు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. శత్రువులు ఎదురుగా మోహరించారు. ప్రవక్త ఏడు రోజులు ఆగమన్నాడు, తానొచ్చి బలి అర్పిస్తానన్నాడు. ఏడో రోజొచ్చింది, ప్రవక్త రాలేదు. సైన్యం చెదిరిపోతోంది. సౌలు ఇక ఆగలేక బలి తానే అర్పించాడు. అర్పించడం ముగిసీ ముగియగానే ప్రవక్త వచ్చాడు. ఏం చేశావని అడిగాడు. సౌలు మూడు కారణాలు చెప్పాడు: జనం చెదిరిపోతున్నారు, నువ్వు చెప్పిన వేళకి రాలేదు, శత్రువులు కూడుకున్నారు. అక్కడితో అతని రాజ్యం నిలవదని తీర్పు అయిపోయింది.

"మూడు కారణాలు. మూడూ నిజాలే. మూడింటిలో ఒక్కటీ పనికిరాదు" అన్నాను ఆ రోజు. ఆ వాక్యం బాగుందని ఇద్దరు రాసుకున్నారు.

అక్క ఒప్పుకోలేదు. అక్క మెదక్ వైపు మనిషి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. వరసగా ఆరు రోజులు డ్యూటీ చేసి వచ్చినా ముందు కుర్చీలోనే కూర్చుంటుంది.

"పగులు గాడ కాదు తమ్మీ. గంతకు ముందుగాలే. రాజును చేస్తమంటె గాయిన ఏడున్నడు? సామాన్ల ఎనక దాసుకున్నడు. దాసుకున్నోణ్ణి గుంజుకొచ్చి నిలబెట్టిన్రు, పొడుగున్నడని."

"పొడుగు ఉండటం తప్పు కాదక్కా."

"గదే అంటున్న. తప్పు కాదు. గని మోయనీకి పొడుగొక్కటె సరిపోతదా?"

అన్న నవ్వాడు. "మా తమ్ముడు పొడుగు కూడా కాదులేమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవంబరు ఆదివారానికి నాలుగో వారం వచ్చింది. అంశం, గొర్రెలు. యుద్ధంలో చిక్కినదంతా నాశనం చేయమంటే సౌలు మంచి గొర్రెల్ని దాచి ఉంచాడు. ప్రవక్త అడిగితే, జనం ఉంచారు అన్నాడు. అయ్యగారు రెండున్నరకి రావాలి. రైలు ఆలస్యమని కబురొచ్చింది కాబట్టి ముందు వాక్యం కానిద్దామనుకున్నాం. మూడో నిలువు వరుస మీద, అంటే అతనిచ్చిన జవాబు మీద, పావుగంట మాట్లాడాను. గిల్గాలులో సౌలు కారణాలు చెప్పాడు, ఇక్కడ తప్పును జనం మీదికి తోశాడు, పగులు పాకే దిశ ఇది అన్నాను. మూడూ ఇరవైకి ముగించాను.

మూడూ నలభైకి అయ్యగారి నుంచి మెసేజి వచ్చింది. పైకి చదివాను. సిగ్నల్ చెడిపోయి రైలు దారిలో నిలిచిపోయింది, అరగంటలో కదులుతుందంటున్నారు, ఆగండి, వస్తాను, ఫోన్లో ఛార్జి అయిపోతోంది.

పాటలు పాడాం. మధ్యలో ఇద్దరు విద్యార్థులు బ్యాగులు సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"అన్నా, ఐదింటికి షిఫ్టు. లేటైతే మేనేజర్ ఇంక పిలవడు."

"పదిహేను నిమిషాలు ఆగలేరా?"

"ఇప్పటికే గంట నుంచి ఆగుతున్నం కదా అన్నా."

ఇరవై ఒకరు. నాలుగింటికి పాపాయి నిద్రలేచి ఏడుపు మొదలుపెట్టింది, ఆ కుటుంబం నలుగురూ వెళ్లిపోయారు. పదిహేడు. బయట చీకటి పడుతోంది. అయ్యగారికి ఫోన్ చేశాను, స్విచాఫ్. నాలుగూ పదికి ఇంకో ముగ్గురు లేచారు. పద్నాలుగు. ప్రతిసారీ తలుపు తెరుచుకున్నప్పుడు అయ్యగారేమోనని అందరం అటు తిరిగేవాళ్లం, చూస్తే ఎవరో వెళ్తూ ఉండేవారు.

వెళ్లబోతున్న ఇంకో కుర్రాడు, కొవ్వూరు వైపు వాడు, కోటు వేసుకుంటూ అన్నాడు. "అన్నయ్యా, మన వైపు మనమే ఇచ్చుకుంటాం కదండీ. మీరే ఇచ్చేయొచ్చుగా."

అన్నది అతనొక్కడే. మిగతావాళ్లు ఏమీ అనలేదు.

అన్న మాత్రం కుర్చీలోంచి కదలకుండా, "అయ్యగారు ఆగమన్నారుగా. ఆగుదాం తమ్ముడూ. బల్ల లేకపోతే లేకపోయింది, మళ్లీ నెల పెట్టుకుందాం. కొంపలేం మునగవు" అన్నాడు.

అది సరైన మాట. అది సరైన మాటని అప్పుడు కూడా నాకు తెలుసు. కానీ నేను వింటున్నది తలుపు చప్పుడు. మళ్లీ నెలకి ఇరవై ముగ్గురు రారు. బల్ల లేకుండా ఈ పద్నాలుగు మందిని పంపిస్తే వచ్చేవారం ఎంతమంది ఉంటారో గ్రాఫు నాకు చెప్పేసింది.

నేను వంటగదిలోకి వెళ్లాను. కప్పుల పెట్టె అయ్యగారి దగ్గరే ఉంది. అరలు వెతికితే, ఉడికించిన కోడిగుడ్డుని నిలబెట్టుకుని తినే పింగాణీ గిన్నెలు దొరికాయి. ఈస్టర్ ఉదయం చర్చివాళ్ల ఫలహారానికి వాడేవి. తెల్లవి, ఇరవై నాలుగు. పద్నాలుగు తీసి కడిగి, తుడిచి, ట్రేలో పెట్టాను. రెండు వరుసలు, ఏడేసి. ద్రాక్షరసం పోశాను. ఒక్కోదాంట్లో సమానంగా పడేలా చూసుకున్నానన్నది కూడా గుర్తుంది.

ట్రే తెచ్చి బల్ల మీద పెట్టాను. అన్న, "తమ్ముడూ" అన్నాడు. ఒక్కమాటే. నేను ఆయన వైపు చూడకుండా ప్రార్థన మొదలుపెట్టాను. మా నాన్న చేసే ప్రార్థనే చేశాను, అదే వరసలో. రొట్టె విరిచాను. గడియారంలో నాలుగూ ఇరవై రెండు, అంటే నాలుగూ ఇరవై.

పద్నాలుగు మందిలో పదిమంది తీసుకున్నారు, నాతో కలిపి. తీసుకోనివాళ్లు నలుగురు: అన్న, వదిన, వాళ్ల ఏడేళ్ల పాప, ఇంకొక గుంటూరు ఆవిడ. పళ్లెం తన ముందుకొచ్చినప్పుడు అన్న దాన్ని రెండు చేతులతో గౌరవంగా అందుకుని, ఏమీ తీసుకోకుండా పక్కవాళ్లకి అందించాడు. పాప వాళ్లమ్మని జర్మన్‌లో ఏదో గట్టిగా అడిగింది. గుడ్డు గిన్నెల్లో ఎందుకు తాగుతున్నారని.

నాలుగూ ముప్పై రెండుకి అయ్యగారు వచ్చారు.

కోటు తడిసిపోయి ఉంది. స్టేషన్ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నారు, గుమ్మం దగ్గర నిలబడి ఊపిరి తీసుకున్నారు. సంచి కింద పెట్టారు. బల్ల మీద సగం రొట్టె, అడుగున ఊదా చుక్కలతో పింగాణీ గిన్నెలు, ముట్టుకోనివి నాలుగు. అన్నీ చూశారు.

"ఏం చేశావయ్యా?" అన్నారు.

గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు.

నేను చెప్పాను. అందరూ వెళ్లిపోతున్నారండి అన్నాను. మీరు రెండున్నరకన్నారు, నాలుగున్నరైంది, ఫోన్ కలవలేదండి అన్నాను. ఐదింటికి హాలు ఖాళీ చేసెయ్యాలండి అన్నాను. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నారు. దాంతో ఇంకొక మాట అన్నాను. "అందరూ అడిగారండి."

అన్న లేచాడు. "అందరూ అడగలేదు తమ్ముడూ" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. లెక్క సరిచేసినట్టు అన్నాడు. తర్వాత పాపకి కోటు తొడగడం మొదలుపెట్టాడు. జిప్పు ఇరుక్కుంది. దాన్ని సరిచెయ్యడానికి చాలాసేపు పట్టింది.

"ఆగమన్నాను కదయ్యా" అన్నారు అయ్యగారు చివరికి. "సరే. ప్రార్థన చేసుకుని వెళ్దాం."

చిన్న ప్రార్థన చేశారు. మామూలుగా చివర్లో రెండు చేతులూ పైకెత్తి ఆశీర్వాదం చెప్తారు, మేమంతా తలలు వంచుతాం. అలవాటుగా తలలు వంచాం. ఆయన చేతులెత్తలేదు. కాసేపటికి ఒక్కొక్కరూ తలెత్తి చూశారు. అయ్యగారు అప్పటికే సంచి తీసుకుంటున్నారు. అక్క పులిహోర డబ్బాలో పెట్టిస్తే కాదనకుండా తీసుకున్నారు. అవతల పాటల బృందంవాళ్లు మెట్ల మీద ఎదురుచూస్తున్నారు.

పట్టికలో గిల్గాలు అడ్డువరుస నేను మళ్లీ తెరిచింది బుధవారం. మూడో గడిలో నేను రాసిన మూడు కారణాలు చదివాను. తర్వాత నాలుగో వారం అడ్డువరుస కూడా చదివాను. కొంతసేపటికి ఫైలు మూసేశాను. ఇలాంటి చోట ఒక మనిషికి ఏదో తెలిసొచ్చినట్టు రాయడం ఆనవాయితీ. నాకు కొత్తగా ఏమీ తెలియలేదు. అన్నీ ముందే తెలుసు. నేనే బోధించాను. అన్నీ తెలిసి, అదే గదిలో, గంట ముందు చెప్పిన మాట చెవుల్లో ఉండగానే చేశాను. తెలియడం వల్ల ఏమీ ఆగదన్నదే నాకు మిగిలింది.

అన్నకి మెసేజి రాశాను. ఏడు అంశాలు, నెంబర్లు వేసి, ఒక్కో దాని కింద వివరణ. అన్న దండం బొమ్మ పంపాడు. అక్కకి చూపించాను.

"గిది క్షమాపణనా, నీ ల్యాబు రిపోర్టా?" అంది.

"ఏది ఎందుకు జరిగిందో చెప్పాలి కదక్కా."

"ఎందుకు జరిగిందో ఆయన అడిగిండా?"

తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టింది. నేనే అడిగాను, ఆ రోజు నువ్వు ఎందుకు తీసుకున్నావని. మెదక్ వైపు వాళ్ల పద్ధతిలో కూడా అయ్యగారి చేతి నుంచి తప్ప తీసుకోకూడదు. ఆ సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు, పదిమంది తీసుకున్నారన్న అంకె మాత్రమే గుర్తుంది.

"నీ మొహం చూసి తీసుకున్న తమ్మీ. దేవుణ్ణి చూసి కాదు. ఇప్పుడు గది నాకు ఎట్ల అరగాలె చెప్పు."

డిసెంబరులో అన్న ఇంటికి వెళ్లాను. ముందే ఫోన్ చేసి, టైము అడిగి వెళ్లాను. వదిన టీ ఇచ్చింది. పాప తన స్కూల్లో కట్టిన లాంతరు చూపించింది, నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చింది. అన్న నా ఉద్యోగం గురించి, వీసా గురించి, కొత్త ఇంటికి ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, అయిందా లేదా అన్న దాని గురించి అడిగాడు. గంట గడిచింది. ఇక లేవాలి అన్నప్పుడు చెప్పాను. తప్పు నాదే అన్నా, అందరూ అడిగారన్నది అబద్ధం, క్షమించండి. కారణాలు చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

అన్న టీ కప్పు కింద పెట్టాడు. "కోపమేం లేదు తమ్ముడూ. క్షమించాననే అనుకో. కానీ నీ చేతి కింద కూర్చుని ఇంక వాక్యం వినలేను. నా వల్ల కావట్లా. ప్రయత్నించా."

"నేను తప్పుకుంటాను అన్నా. మళ్లీ మీరే చూసుకోండి."

"ఎందుకులే. మేము ఇక్కడ, ఇంట్లో కూడుకుంటున్నాం. అయ్యగారు కూడా వస్తానన్నారు. నువ్వు అక్కడ నడుపుకో."

ఇలా అని నా భుజం మీద చెయ్యి వేశాడు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. అరిచి ఉంటే నాకు పట్టుకోవడానికి ఏదైనా దొరికేది.

సౌలు కూడా క్షమించమని అడిగాడు. గొర్రెల విషయంలో, ప్రవక్త అంగీ పట్టుకుని మరీ అడిగాడు, అంగీ చిరిగింది. నా పట్టికలో ఆ అడ్డువరుస చివర రాసిన మాట: క్షమాపణ కోరాడు, ఫలితం లేదు. అక్టోబరులో అది రాసినప్పుడు నాకు న్యాయంగానే అనిపించింది. వైఫల్యాల విశ్లేషణలో విరిగిన భాగం క్షమాపణ అడిగితే రిపోర్టు మారదు కదా అని నవ్వించాను కూడా.

మిగిలిన మూడు వారాల ధ్యానం క్రిస్మస్ పోయాక జనవరిలో చెప్పాను. ఆపేద్దామంటే అక్క ఒప్పుకోలేదు. మొదలుపెట్టినోడివి నువ్వే ముగించు అంది. అసూయ గురించి చెప్పాను, యాజకుల చావు గురించి చెప్పాను. ఆఖరి వారం సోదెకత్తె. దేశంలో సోదె చెప్పేవాళ్లెవరూ ఉండకూడదని శాసనం చేసింది సౌలే. చివరికి యుద్ధానికి ముందు దేవుడు ఏ విధంగానూ జవాబివ్వకపోతే, వేషం మార్చుకుని సోదెకత్తె ఇంటికే వెళ్లాడు. నియమం రాసినవాడే. ఆ మాట దగ్గర ఆగి నాలుగు పంక్తులు వదిలేశాను. వదిలేసినట్టు అందరికీ తెలిసింది.

దేవుడు జవాబివ్వకపోవడం గురించి మాత్రం ఎక్కువసేపు మాట్లాడాను. నవంబరు నుంచి నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను, ఉదయం ట్రాములో, సాయంత్రం గదిలో. ఇంతకుముందు ప్రార్థనలో ఎవరో వింటున్నట్టుండేది. ఇప్పుడు ఛార్జి అయిపోయిన ఫోనుకి చేస్తున్నట్టుంటుంది. ఇది గదిలో చెప్పలేదు. సౌలుకి ఎలా ఉండి ఉంటుందో చెప్పినట్టు చెప్పాను.

అయ్యగారు నాకు ఫోన్ చెయ్యలేదు. జనవరిలో రెండుసార్లు అన్న ఇంటికి వచ్చి వెళ్లారు. అక్క కూడా అక్కడికి ఒకసారి వెళ్లింది, నాకు చెప్పే వెళ్లింది. వచ్చాక చెప్పింది.

"నీ గురించే అడిగిన్రు తమ్మీ. తింటుండా, పనికి పోతుండా అని. అడుక్కుంట కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నరు."

"మరి ఫోన్ చెయ్యొచ్చు కదా."

"గది నేనూ అడిగిన. ఏం చెప్పాల్నో తెలుస్తలేదంట."

గొర్రెల రోజు తర్వాత ప్రవక్త తాను చనిపోయేదాకా మళ్లీ సౌలును చూడటానికి వెళ్లలేదు. అతని కోసం దుఃఖిస్తూనే ఉన్నాడు గాని వెళ్లలేదు. ఇది నా పట్టికలో లేదు. నాలుగు నిలువు వరుసల్లో దేనిలోనూ పట్టదని అప్పట్లో వదిలేశాను.

హాజరు: జనవరి మొదటి వారం పదకొండు. రెండో వారం తొమ్మిది. మూడో వారం తొమ్మిది. నాలుగో వారం ఏడు. ఇందులో అన్న ఇంటికి వెళ్లినవాళ్లెందరు, ఊరు మారినవాళ్లెందరు, షిఫ్టులవల్ల రానివాళ్లెందరు అని విడదీయాలని కూర్చున్నాను. విడదీయలేకపోయాను. కొవ్వూరు కుర్రాడు ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. వెళ్లేముందు, ఆ రోజు నేను అనకుండా ఉండాల్సింది అన్నయ్యా అన్నాడు. నీ తప్పు కాదన్నాను. నిజంగానే కాదు. అతను ఒక మాట అన్నాడు, నేను దాన్ని అందరి మాట చేశాను.

ఫిబ్రవరిలో చర్చి ఆఫీసు నుంచి ఫారం వచ్చింది. హాలు వాడుకునే ప్రతి బృందమూ వచ్చే ఆరు నెలలకి నింపి ఇవ్వాలి. ఇంతకుముందు దాన్ని అన్న నింపేవాడు. ఆదివారం కూడిక అయ్యాక ఆఫీసావిడ స్వయంగా కిందికి వచ్చి అడిగింది, పెద్ద హాలు మీకింకా కావాలా, పైన పిల్లల గది ఉంది, వేడి తొందరగా ఎక్కుతుంది, అది సరిపోతుందా అని. మంచి మనిషి. ఆ ప్రశ్నలో ఇంకేమీ లేదు.

గిల్గాలులో అంతా అయిపోయి ప్రవక్త వెళ్లిపోయాక, సౌలు చేసిన మొదటి పని తనతో మిగిలినవాళ్లను లెక్కపెట్టడం. ఇంచుమించు ఆరు వందలమంది అని ఉంటుంది. ఆ ఇంచుమించు అన్న మాట నాకు అక్టోబరులో చిరాకు తెప్పించింది. లెక్కపెట్టినవాడికి సరిగ్గా ఎంతో తెలియాలి కదా అనుకున్నాను.

పెన్ను తీసుకున్నాను. అక్క కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. ఇంకో ఇద్దరు ప్రొజెక్టరు వైరు చుడుతున్నారు. ఒకతను వంటగదిలో ఉన్నాడు, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. పైన పిల్లల గది చాలని గుర్తు పెట్టాను. కింద, వచ్చేవాళ్ల సంఖ్య అన్న గడి ముందు ఇంచుమించు అని జర్మన్‌లో అచ్చువేసి ఉంది. దాన్ని కొట్టేసి, 5 అని రాశాను.